అంతర్నిహిత డేటాబేసులో తెలుగు పదసూచిక: నిర్మాణము, అమరిక, వేగము

1. ప్రస్తావన

ఒక కావ్యమున ఒక పదము కలదని చెప్పుటకు ఒక్క పద్యము చూపిన చాలును. లేదని చెప్పుటకు కావ్యమంతయు చూడవలెను. కాలనిర్ణయములందును కర్తృత్వ విచారములందును పెక్కు సిద్ధాంతములు ఈ రెండవ విధమైన వాక్యముపైననే ఆధారపడియున్నవి. “ఈ ప్రయోగము ఈ కవియందు కానరాదు” అని వ్రాయుటకు పూర్వము పండితులు గ్రంథమును ఆమూలాగ్రముగ చదివి, చీటీలు వ్రాసికొని, వానిని అకారాదిగ పేర్చుకొనెడివారు. నేడు ఆ పని కంప్యూటరునకు అప్పగింపబడుచున్నది. మాటను వ్రాసిన క్షణములో ఒక సంఖ్య వచ్చును. ఆ సంఖ్య వ్యాసములోనికి ఎక్కును. అది ఏ నియమములను బట్టి వచ్చినదో విచారించువారు మాత్రము తక్కువ.

భారతీయ భాషా గ్రంథముల పదసూచికలకు తఱచుగా వాడబడు ఎస్‌క్యూలైట్ అను అంతర్నిహిత డేటాబేసును ఉదాహరణముగ గైకొని, దాని నిర్మాణమును, అమరికను, వేగసాధనను ఈ వ్యాసము వివరించును. ఈ మూడింటికి ఒక క్రమము కలదు. ‘పదమనగా ఏది’ అను నిర్ణయము మొదటిది, వేగము చివరిది. ఈ క్రమము తప్పినచో తప్పు జవాబే మిక్కిలి వేగముగ వచ్చును.

2. అంతర్నిహిత డేటాబేసు స్వరూపము

సాధారణముగ పెద్ద సంస్థలలో వాడబడు డేటాబేసు సర్వరు అను ప్రత్యేక యంత్రముపై నడచును. దానికి ఒక నిర్వాహకుడు కావలెను. అంతర్నిహిత డేటాబేసునకు సర్వరు లేదు. అది వాడుకరి ప్రోగ్రాములోనే ఒక భాగముగ ఇమిడియుండి, దత్తాంశమునంతటిని ఒకే ఫైలులో నిలుపును. ఆ ఫైలును ప్రతి తీసి మఱియొక విద్వాంసునకు పంపినచో నిఘంటువు సంపుటమును పంపినట్లే యగును.

ఎస్‌క్యూలైటును అమెరికాకు చెందిన డి. రిచర్డ్ హిప్ 2000వ సంవత్సరములో వెలువరించెను. 2004లో వచ్చిన మూడవ రూపాంతరపు ఫైలు పద్ధతియే నేటికిని చెల్లుచున్నది. ఈ సాఫ్టువేరుపై ఎవరికిని స్వామ్యము లేదు. 2018లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దత్తాంశ సమూహములను నిలువ చేయుటకు సిఫారసు చేయబడు పద్ధతులలో దీనిని చేర్చినది. తరతరములకు నిలువవలసిన పదసూచికలకు ఈ విషయము ముఖ్యమైనది.

3. నిర్మాణము

ఎస్‌క్యూలైటు మూలపాఠమంతయు ఒకే పెద్ద ‘సీ’ భాషా ఫైలుగ లభించును. దానిని కంపైలు చేయునపుడే కొన్ని అంగములను చేర్చవచ్చును, కొన్నిటిని విడువవచ్చును. గ్రంథశోధనకు అవసరమైన అంగము ఎఫ్‌టీఎస్5. ఇది 2015లో వచ్చినది. పాఠమును పదములుగ విడదీసి, ఏ పదము ఏ వరుసలో ఏ స్థానమున కలదో తెలుపు సూచికను ఇది కట్టును. మూలఫైలును స్వయముగ కంపైలు చేయువారు ఈ అంగమును పేరు పెట్టి కోరవలెను. కోరనిచో అది చేరదు.

ఖాళీ ఫైలులో మొదటి పట్టికను కట్టుటకు ముందే నిర్ణయింపవలసినది వర్ణసంకేత పద్ధతి. పట్టిక ఏర్పడిన పిదప దానిని మార్చుటకు వీలు లేదు. తెలుగు సంకేతము ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో 3 బైట్లను, యూటీఎఫ్-16లో 2 బైట్లను ఆక్రమించును. ‘తెలుగు’ అను మాటలో అక్షరములు 3, సంకేతములు 6, యూటీఎఫ్-8లో బైట్లు 18, యూటీఎఫ్-16లో 12. దీనిని బట్టి రెండవదే మేలని తోచును. కాని గ్రంథనామ సంక్షేపములు, అంకెలు, రోమను లిప్యంతరములు మొదలగువాని బైట్లు యూటీఎఫ్-16లో రెట్టింపగును. పైగా ఎఫ్‌టీఎస్5 తన సూచికను యూటీఎఫ్-8లోనే కట్టుకొనును. కావున మిశ్రమ దత్తాంశము గలవారికి యూటీఎఫ్-8 చాలును.

పై లెక్కనుండి మఱియొక విషయము తెలియుచున్నది. ఈ యంత్రమునకు అక్షరము తెలియదు. సంకేతము మాత్రమే తెలియును. ‘తె’ అనునది మనకు ఒక్క అక్షరము. దానికి తకారము, ఎత్వము అను రెండు. ఇకముందు చెప్పబోవు చిక్కులన్నిటికి మూలము ఇదియే.

4. పదవిభజన

ఎఫ్‌టీఎస్5 పాఠమును పదములుగ విడదీయుటకు ‘యూనికోడ్61’ అను విభాజకమును వాడును. వేఱుగ చెప్పనిచో ఇది యూనికోడులోని అక్షరములను, సంఖ్యలను, సొంత వినియోగమునకు కేటాయింపబడిన సంకేతములను మాత్రమే పదభాగములుగ గ్రహించి, తక్కినవన్నియు పదములను వేఱుచేయు గుర్తులని ఎంచును. యూనికోడులో భారతీయ లిపుల అచ్చుగుర్తులు అక్షరవర్గమునకు చెందవు. అవి ‘గుర్తులు’ అను వర్గమునకు చెందును. ఫలితముగ గుడి, కొమ్ము, ఎత్వము, సున్న, పొల్లు అన్నియు ఖాళీజాగాలతో సమానమగుచున్నవి.

ఇందువలన కలుగు అనర్థమును ఒక ఉదాహరణముచే గ్రహింపవచ్చును. ‘వాడు’ అను మాట ఈ విభాజకము చేతిలో ‘వ’, ‘డ’ అను రెండు పదములగును. ‘వీడు’ కూడ అంతే. ‘వేడి’, ‘వాడి’, ‘విడి’ అనునవియు అంతే. ‘వాడు’ అని వెదకినచో ఇవన్నియు వచ్చును. ‘వాడుక’ అనునది ‘వ’, ‘డ’, ‘క’ అగును గనుక అదియు వచ్చును. ‘వడి’ మాత్రము వకార డకారముల నడుమ గుర్తు లేనందున ‘వడ’ అను ఒకే పదమై తప్పించుకొనును. శోధన విఫలమైనట్లు ఎచ్చటను సూచన రాదు. జవాబులు వచ్చుచునే యుండును. ఆ జవాబులను లెక్కించి ‘ఈ కవి ఈ సర్వనామమును ఇన్ని పర్యాయములు వాడెను’ అని వ్రాసినచో ఆ వాక్యమునకు ఆధారము లేదు.

దీనికి మందు కలదు. 2018 నుండి ఈ విభాజకమునకు ‘ఏ వర్గములు పదభాగములు’ అని పట్టిక కట్టునపుడే చెప్పుటకు వీలు కలిగినది. అక్షర, సంఖ్యా వర్గములతోపాటు గుర్తుల వర్గములను కూడ చేర్చవలెను. అయితే గుర్తులలో రెండు ఉపవర్గములు కలవని మఱువరాదు. అక్షరముపై నిలిచి వేఱు స్థలమాక్రమింపనివి కొన్ని, స్థలమాక్రమించునవి కొన్ని. తెలుగులో గుడి, ఎత్వము, ఒత్వము, పొల్లు మొదటి ఉపవర్గము. కొమ్ము, సుడి, సున్న, విసర్గము రెండవది. మొదటిదానిని మాత్రమే చేర్చి ఊరకున్నచో ‘తెలుగు’ అనునది ‘తెల’, ‘గ’ అని చీలును. నాగరిలో ఈ విభాగము కొంత తలక్రిందుగ నున్నది: అందు ఇకారపు గుర్తు స్థలమాక్రమించునది, ఉకారపు గుర్తు ఆక్రమింపనిది. కావున ఒక భాషకు పరీక్షించి మఱియొక భాషకు అదే చాలునని భావింపరాదు. రెండు ఉపవర్గములను చేర్చుటయే క్షేమము.

రోమను లిప్యంతరముతో పనిచేయువారికి మఱియొక హెచ్చరిక. ఈ విభాజకము సహజముగ రోమను అక్షరములపైని, క్రిందిని గుర్తులను తొలగించును. హ్రస్వ దీర్ఘములకు, దంత్య మూర్ధన్యములకు అపుడు భేదముండదు. ‘కత్తు’, ‘కట్టు’ ఒకటే యగును. గుర్తులను తొలగింపవలదని అమరికలో స్పష్టముగ చెప్పవలెను.

సంధి విషయము వేఱు. ‘వాఁడెవఁడు’ అను కూర్పులో ‘వాఁడు’ అను పదమును ఏ విభాజకమును కనిపెట్టలేదు. పదచ్ఛేదము పండితుని పని. అయినను యూనికోడులో అచ్చుగుర్తు హల్లు తర్వాత వచ్చుటచే ఒక సౌకర్యము కలదు: ‘వాఁడ’ అను పూర్వభాగముతో వెదకినచో ‘వాఁడు’, ‘వాఁడెవఁడు’ రెండును దొరకును. ‘వాఁడి’ యును దొరకును; దానిని ఏఱివేయుట పాఠకుని పని. ఇట్టి పూర్వభాగ శోధనకు ప్రత్యేక సూచికను పట్టిక కట్టునపుడే కోరవచ్చును.

2020లో చేర్చబడిన త్రికవిభాజకము పదముల మధ్యభాగములను వెదకుటకు ఉపకరించును. అదియు మూడేసి సంకేతములనే పట్టును గాని మూడేసి అక్షరములను కాదు. రెండే సంకేతములు గల ‘తె’ వంటి అక్షరమును ఒంటరిగ వెదకినచో జవాబు శూన్యము. ఆ శూన్యమును గ్రంథమునందలి శూన్యముగ గ్రహింపరాదు.

5. మూలరూపము, శోధనరూపము

గుర్తులను సరిగ చేర్చిన పిదప ఎదురగు చిక్కు దీనికి విపరీతమైనది. అంతకుముందు ఎక్కువ దొరకెడిది. ఇపుడు తక్కువ దొరకును. ఒక ప్రతిలో ‘వాఁడు’ అనియు, ఇంకొక ప్రతిలో ‘వాడు’ అనియు ఉన్నచో యంత్రమునకు అవి రెండు పదములు. దంత్య చకార జకారములకు ప్రత్యేక లిపి వాడిన ముద్రణము ఒకటి, వాడని ముద్రణము వేఱొకటి. పొల్లు తర్వాత అక్షరములు కలిసిపోకుండ టైపు చేయువారు ఉంచు కంటికి కానరాని సంకేతము పదమును రెండుగ చీల్చును. ఐత్వమును ఒకే సంకేతముగ గాని, ఎత్వము దానిక్రింది గుర్తు అను రెండు సంకేతములుగ గాని వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటే, ఎస్‌క్యూలైటుకు కావు. అది యూనికోడు ఏకరూపతను తనంతట సాధింపదు. దత్తాంశమును ఎక్కించుటకు ముందే ఆ పని జరుగవలెను.

అట్లని భేదములన్నిటిని తుడిచివేయుటయు తప్పే. ‘ఏఁడు’ సంవత్సరము, ‘ఏడు’ సంఖ్య. ‘కరి’ ఏనుగు, ‘కఱి’ నలుపు. కావున పదపట్టికలో మూడు నిలువువరుసలు ఉండవలెను. మొదటిది ప్రతిలో ఉన్న మూలరూపము; దీనిని ఎన్నడును మార్చరాదు. రెండవది ఏకరూపత పొంది, కంటికి కానరాని సంకేతములు తొలగిన నియతరూపము. మూడవది అరసున్నను విడిచి, శకటరేఫమును సాధురేఫముతోను, దంత్య చజలను తాలవ్యములతోను కలిపిన శిథిలరూపము. నియతరూపమున దొరికిన సంఖ్యను, శిథిలరూపమున దొరికిన సంఖ్యను వేఱువేఱుగ ప్రకటించిన పాఠకునకు సందేహముండదు.

6. అకారాది క్రమము

ఎస్‌క్యూలైటు సహజముగ బైట్ల క్రమమున పదములను పేర్చును. యూటీఎఫ్-8లో ఇది యూనికోడు పట్టిక క్రమమే. అదృష్టవశమున ఈ క్రమము తెలుగు నిఘంటువుల క్రమమునకు చాలవఱకు దగ్గఱ. పూర్ణానుస్వారము హల్లులకు ముందు వచ్చును. తలకట్టు గల రూపముల తర్వాత గుణింతము వరుసగ వచ్చును. ఔత్వము తర్వాత సంయుక్తాక్షరములు వచ్చును.

భేదించు చోటులు కూడ కలవు. వర్ణమాలలో హకారము తర్వాత చదువు ళకారము ఇందు లకారము ప్రక్కనే ఉన్నది. శకటరేఫము రేఫము వెనువెంటనే ఉన్నది. దంత్య చజలు 2008లో యూనికోడున చేరినవి. వాని స్థానము పట్టికలో గుణింతపు గుర్తులకును తర్వాత. ఆ లిపితో వ్రాసిన మాటలన్నియు హకారము దాటి చివర కుప్పపడును. అరసున్న పూర్ణానుస్వారముకంటె ముందున్నందున ‘వాఁడు’ అనునది ‘వాకిలి’కి ముందు, ‘వాడు’ అనునది తర్వాత చేరును.

దీనిని సరిదిద్దుటకు రెండు త్రోవలు. ఐసీయూ అను గ్రంథాలయమును కంపైలు చేయునపుడు చేర్చి తెలుగు క్రమమును రప్పించుట ఒకటి. ఇది సులభమే గాని ఆ గ్రంథాలయము లేని యంత్రముపై ఆ క్రమము పనిచేయదు. దాని రూపాంతరము మారి క్రమము భేదించినచో పాత సూచికను తిరిగి కట్టవలసియుండును. రెండవ త్రోవ ప్రతి పదమునకు ఒక క్రమసంకేతమును ముందుగనే గణించి నాలుగవ నిలువువరుసగ నిలుపుట. ళకారము, శకటరేఫము, క్షకారము ఎచ్చట రావలెనో సంపాదకుడే నిర్ణయించును. ఫైలు ఎచ్చటికి పోయినను ఆ నిర్ణయము దానితోనే పోవును. దీర్ఘకాలము నిలువవలసిన సూచికకు ఈ రెండవదియే తగినది.

7. వేగసాధన

ఇంతవఱకు వచ్చిన పిదపనే వేగమును గూర్చి ఆలోచించుట న్యాయము.

మొదటిది దత్తాంశమును ఎక్కించుట. ప్రతి పదమును వేఱు లావాదేవిగ ఎక్కించినచో ప్రతి పర్యాయము డిస్కు వ్రాత పూర్తియగువఱకు ఆగవలెను. నిమిషమునకు 7,200 చుట్లు తిరుగు పాత డిస్కుపై క్షణమునకు (సెకనుకు) సుమారు 60 లావాదేవీలు మాత్రమే సాగునని ఎస్‌క్యూలైటు కర్తలే చెప్పియున్నారు. పది లక్షల పదములకు నాలుగున్నర గంటలకు పైగా పట్టును. అన్నిటిని ఒకే లావాదేవిలో చేర్చినచో క్షణమునకు 50,000 వరుసలు ఎక్కును. పని 20 క్షణములలో ముగియును. నేటి ఘనస్థితి డిస్కులపై ఈ అంతరము తగ్గును గాని మాసిపోదు. సూచికలను దత్తాంశము ఎక్కిన తర్వాత కట్టుట ఇంకొక మెలకువ.

రెండవది ప్రశ్నను కూర్చు తీరు. కకారాది పదములను కోరువారు ‘లైక్’ అను పోలిక వాక్యమును వాడుదురు. ఆ పోలిక రోమను లిపిలోని పెద్ద, చిన్న అక్షరములకు భేదమెంచదు. అందుచే బైట్ల క్రమమున కట్టిన సాధారణ సూచిక దానికి ఉపయోగపడక పట్టికనంతటిని చదువవలసి వచ్చును. దానికి బదులు ‘క’కు సమానము గాని ఎక్కువ గాని, ‘ఖ’కు తక్కువ అని అవధులు చెప్పినచో సూచిక నేరుగ ఆ భాగమునకు కొనిపోవును. ప్రశ్న ఏ త్రోవన నడచుచున్నదో ‘ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్’ అను ఆజ్ఞ తెలుపును. అందు ‘స్కాన్’ అని వచ్చిన పట్టికనంత తిరుగవేయుచున్నదనియు, ‘సెర్చ్’ అని వచ్చిన సూచికను వాడుచున్నదనియు గ్రహింపవలెను. దత్తాంశము ఎక్కిన పిదప ‘అనలైజ్’ ఆజ్ఞను ఒకమాఱు నడిపినచో ఏ సూచిక మేలో ఎన్నుకొనుటకు యంత్రమునకు ఆధారము లభించును.

మూడవది జ్ఞాపకము. ఎస్‌క్యూలైటు ఫైలును సమాన పరిమాణము గల పుటలుగ విభజించును. 2016 నుండి సహజ పరిమాణము 4,096 బైట్లు. ఇది సాధారణముగ మార్చనక్కఱలేదు. చదివిన పుటలను నిలుపుకొను క్యాషు మాత్రము సహజముగ సుమారు 2 మెగాబైట్లే. అనగా దాదాపు 500 పుటలు. పెద్ద పదసూచికకు ఇది చాలదు. 64 మెగాబైట్లకు పెంచుట నేటి యంత్రములకు భారము కాదు. ఈ అమరిక ఫైలులో నిలువదు. ప్రోగ్రాము ఫైలును తెరచిన ప్రతి పర్యాయము తిరిగి చెప్పవలెను. పెంచితిమని తలచి మఱచినవారే హెచ్చు.

8. భద్రత

వేగము పేరిట విడువరానిది భద్రత. 2010లో వచ్చిన ‘వాల్’ పద్ధతి వర్తకుల లెక్కల పద్ధతిని పోలియుండును. మార్పును మొదట చిట్టాలో వ్రాసి, వీలుచూచికొని ఆవర్జాలోనికి ఎక్కించుట ఇందలి విధానము. ఒకరు వ్రాయుచుండగ పలువురు చదువవచ్చును. చిట్టా మూలఫైలు ప్రక్కన వేఱు ఫైలుగ నుండును. ప్రోగ్రాము నడచుచుండగ మూలఫైలును మాత్రమే ప్రతి తీసినచో చిట్టాలో నిలిచిన సవరణలు ఆ ప్రతిలో ఉండవు. ప్రతి తీయుటకు ‘వాక్యూమ్ ఇంటూ’ ఆజ్ఞను గాని, ఎస్‌క్యూలైటు సొంత ప్రతిలేఖన సాధనమును గాని వాడవలెను. ఈ పద్ధతి వలయము మీదుగ పంచుకొన్న ఫైళ్లపై పనిచేయదు. కావున విభాగపు ఉమ్మడి డిస్కుపై నుంచి పలు యంత్రములనుండి సవరించుట కూడదు.

‘సింక్రనస్’ అను అమరికను పూర్తిగ ఆపివేసినచో ఎక్కింపు వేగము పెరుగును. కాని విద్యుత్తు ఆగినచో ఫైలే చెడవచ్చును. చిట్టా పద్ధతిలో ‘నార్మల్’ స్థితి చాలును; అపుడు చివరి కొన్ని సవరణలు పోవచ్చును గాని ఫైలు చెడదు. ఏండ్ల తరబడి పోల్చి సవరించిన పాఠము విషయమున ఈ భేదము చిన్నది కాదు. పని ముగిసి ఫైలును పంచునపుడు చిట్టా పద్ధతిని విడిచి, ఖాళీలను సర్ది, సమగ్రతా పరీక్ష జరిపి, ఒకే ఫైలుగ ఇచ్చుట ఉచితము.

9. ముగింపు

పదసూచికను వాడుటకు ముందు జరుపదగిన పరీక్ష ఒకటి కలదు. జవాబు ముందుగ తెలిసిన యాభై మాటల పట్టికను చేతితో కట్టవలెను. అందు గుణింతముచే మాత్రమే భేదించునవి, అరసున్న గలవి, శకటరేఫము గలవి, సంయుక్తములు, ఒంటి అక్షరములు, గ్రంథమున లేవని నిశ్చయముగ తెలిసినవి ఉండవలెను. అమరిక మారిన ప్రతి పర్యాయము ఆ మాటలను వెదకి, సంఖ్యలను సరిచూడవలెను. ఈ పరీక్షలో నెగ్గిన పిదపనే వేగమును కొలువవలెను.

మఱియు, సంఖ్యను ప్రకటించునపుడు దానిప్రక్కన డేటాబేసు రూపాంతరము, విభాజకము, దానికి చేర్చిన వర్గములు, నియతరూపమా శిథిలరూపమా అను నాలుగు విషయములును ముద్రింపబడవలెను. ప్రతులను పరిష్కరించువారు తాళపత్ర వివరములను, సంకేతములను పీఠికలో తెలుపుట ఆచారము. ఆ వివరములు లేని పాఠాంతరమును ఏ పండితుడును అంగీకరింపడు. ఈ వివరములు లేని సంఖ్యకును అదే న్యాయము వర్తింపవలెను. అపుడే ‘ఈ పదము ఈ గ్రంథమున లేదు’ అను వాక్యము పూర్వపు చీటీల కాలమునందువలె ఒకరు చెప్పగా మఱియొకరు సరిచూడదగిన వాక్యమగును.